కాలువగట్టు మీద పరుగుకి ఏ వాచీ?

సంక్రాంతికి గోదావరి డెల్టాలోని ఊళ్ళకెళ్ళే మన సంఘంవాళ్ళ సూట్‌కేసుల్లో ఈమధ్య స్పోర్ట్స్ వాచీలు కూడా చేరుతున్నాయి. అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు పిల్లలు కానిస్టేబుల్ సెలక్షన్లకీ, ఆర్మీలో చేరే అగ్నివీర్ ర్యాలీలకీ తెల్లారకముందే లేచి కాలువగట్ల మీద పరుగెడుతున్నారు. "మావయ్యా, వచ్చేటప్పుడు నాకో మంచి వాచీ పట్టుకురావా" అని వాళ్ళు అడగడంలో తప్పేమీ లేదు. నా అభ్యంతరమంతా మనం ఎంచుకునే తీరు మీదే. మాల్‌లో అద్దాల వెనక మెరిసేదో, మన ఆఫీసులో అందరి చేతికీ ఉన్నదో కొనేస్తున్నాం. ఆ పిల్లాడు ఎంత దూరం పరుగెడతాడు, ఎక్కడ, దేనికోసం అని ముందుగా అడగడం లేదు. రోజూ రాత్రి ఛార్జింగ్ పెట్టాల్సిన, పక్కన ఫోన్ ఉంటేనే సగం పనులు చేసే టచ్ స్క్రీన్ వాచీ, గట్టు మీద పరుగెత్తే పిల్లాడికి పెద్దగా అక్కరకు రాదు.

ఆ పరుగేమిటో చూస్తే ఏ వాచీ కావాలో తెలిసిపోతుంది. ఆంధ్రా కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలో 1600 మీటర్ల పరుగుంది. జనరల్ అభ్యర్థుల్లో మగపిల్లలు 8 నిమిషాల్లో, ఆడపిల్లలు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. 400 మీటర్ల ట్రాక్ మీద అది నాలుగు రౌండ్లు. మగపిల్లలకైతే రౌండుకి 120 సెకన్లు. ఆర్మీ ర్యాలీలో ఇంకా గట్టి పోటీ. అక్కడ 1.6 కిలోమీటర్లు 5 నిమిషాల 30 సెకన్లలోపు పరుగెత్తితేనే ఆ పరుగుకి పూర్తి 60 మార్కులు వస్తాయి. అంటే రౌండుకి 82న్నర సెకన్లు. ఉత్సాహం పట్టలేక మొదటి రౌండు 72లో కొట్టేసి, మూడో రౌండుకి ఊపిరాడక 95కి పడిపోయిన పిల్లాడికి మొత్తం టైము ఒక్కటే చూపిస్తే ఏం లాభం? ఏ రౌండులో ఎక్కడ తగ్గాడో వాడికి తెలియాలి. అందుకని ప్రతి రౌండు టైమునీ విడిగా దాచి, ఇంటికెళ్ళాక ఒక్కొక్కటిగా చూపించే వాచీ కావాలి. దాన్నే ల్యాప్ మెమరీ అంటారు. వాచీ కొనేటప్పుడు నేను మొదట అడిగేది అదే.

ఇందుకు పెద్ద ఖర్చు అక్కర్లేదు. 1989లో వచ్చిన కాసియో ఎఫ్-91డబ్ల్యూ అందరికీ తెలిసిందే. బరువు 21 గ్రాములు, బ్యాటరీ ఏడేళ్ళ దాకా వస్తుంది. అది చాలా మంచి వాచీ, కానీ రౌండ్ల టైములు దాచుకోదు. దాని స్టాప్‌వాచ్ గంట దాటితే మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇంకొంచెం డబ్బు పెడితే ల్యాప్ మెమరీ ఉన్న కాసియోలు, టైమెక్స్ ఐరన్‌మ్యాన్‌లు దొరుకుతాయి. 1986 నుంచి వస్తున్న ఆ ఐరన్‌మ్యాన్ వరసలో 30 ల్యాప్‌లు దాచే మోడల్ ఉంది. దానికి ఛార్జర్ గొడవ లేదు. బ్యాటరీ అయిపోతే మెయిన్ రోడ్డు మీద వాచీల షాపులో వేయించుకోవచ్చు. యాప్ లేదు కాబట్టి ఒకే వాచీని ముగ్గురు స్నేహితులు వంతులవారీగా పెట్టుకోవచ్చు. ఊళ్ళో పిల్లలు గుంపుగా పరుగెడతారని మనం మరిచిపోతున్నాం.

శాటిలైట్లతో దూరం కొలిచే జీపీఎస్ వాచీలో ఉండాల్సిందే అనేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళని ఒక లెక్క వేసుకోమంటాను. జీపీఎస్ దూరంలో నూటికి ఒక వంతు తేడా రావడం మామూలే. 1600 మీటర్లకి అది 16 మీటర్లు. ర్యాలీ వేగంతో పరుగెత్తే పిల్లాడికి 16 మీటర్లంటే మూడు సెకన్ల పైమాట. వాచీ 5:28 చూపిస్తుంటే పిల్లాడు గెలిచాననుకుంటాడు. అసలు దూరం కొలిస్తే 5:31. పైగా కోనసీమలో కొబ్బరిచెట్లు గట్టుకి రెండువైపులా కమ్ముకుని ఉంటాయి. ఆకాశం సరిగ్గా కనపడని చోట శాటిలైట్ సిగ్నల్ ఇంకా తడబడుతుంది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టతో మనకొచ్చిన కాలువలు ఎన్నో మైళ్ళ చదును గట్లని ఇచ్చాయి. 400 మీటర్ల ట్రాక్ లేని ఊళ్ళల్లో ఆ గట్టే పిల్లల స్టేడియం. నలుగురు కలిసి పొడవాటి టేపుతో ఒక పూట 400 మీటర్లు కొలిచి, ప్రతి వంద మీటర్లకీ ఒక చెట్టుకి సున్నం పూస్తే, ఆ గుర్తులు ఏ శాటిలైట్ కన్నా నమ్మకమైనవి. గుర్తు దాటగానే ల్యాప్ బటన్ నొక్కితే చాలు.

జీపీఎస్ అసలే వద్దని నా ఉద్దేశం కాదు. పది కిలోమీటర్లూ, హాఫ్ మారథానూ పరుగెత్తేవాళ్ళకి అది నిజంగా ఉపయోగం. కోతలయ్యాక పొలాల మధ్య రోడ్ల మీద ఆకాశం బాగా తెరిపిగా ఉంటుంది, దూరం కూడా సరిగ్గా వస్తుంది. అలాంటివాళ్ళకి 2021లో వచ్చిన గార్మిన్ ఫోర్‌రన్నర్ 55 లాంటిది చాలు. అయిదు బటన్లు, 37 గ్రాములు, జీపీఎస్ ఆన్‌లో ఉంటే 20 గంటల వరకు, మామూలుగా రెండు వారాల వరకు ఛార్జింగ్. ఎండలో చూసినా అంకెలు స్పష్టంగా కనిపిస్తాయి. అంతకన్నా ఖరీదైన మోడళ్ళలో మ్యాపులూ, పాటలూ ఉంటాయి. అవి ఈ పిల్లల పరుగుని ఒక్క సెకను కూడా తగ్గించవు.

బటన్ల మీద నాకు పట్టుదల ఎక్కువ. డెల్టా ఉక్కపోతలో రెండో రౌండుకే మోచేతి దాకా చెమట కారుతుంది. తడి వేలితో టచ్ స్క్రీన్ మీద ల్యాప్ నొక్కబోతే అది పలకకపోవచ్చు, లేదా ఇంకేదో తెరుచుకుంటుంది. ఆఖరి రౌండులో ఆ టెన్షన్ ఎవరికీ అక్కర్లేదు. నీళ్ళ సంగతికొస్తే, వాచీ వెనక 5 ఏటీఎం అనో, 50 మీటర్లు అనో ఉంటే వానకీ, కాలువలో ఈతకీ ఢోకా లేదు. 50 మీటర్ల లోతుకి దూకొచ్చని మాత్రం దానర్థం కాదు. అంతర్వేది, ఓడలరేవు వైపు సముద్రపు ఇసుకలో పరుగెత్తేవాళ్ళు వచ్చాక మంచినీళ్ళతో వాచీ కడిగి తుడవాలి. ఉప్పూ చెమటా కలిసి ఛార్జింగ్ పిన్నుల్ని తినేస్తాయి.

గుండె వేగం చూపించే వాచీల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పిల్లలు బెంబేలెత్తేది అక్కడే. వాచీ వెనకనుంచి పచ్చ లైటు చర్మంలోకి వెళ్ళి రక్తప్రవాహంలో మార్పుల్ని పట్టుకుంటుంది. బెల్టు వదులుగా ఉంటే, చేయి బాగా ఊగుతుంటే, అది అడుగుల లయనే నాడి అనుకునే ప్రమాదముంది. మణికట్టు ఎముకకి ఒక వేలు పైన, బిగుతుగా పెట్టుకోవాలి. అంతకన్నా కచ్చితంగా కావాలంటే గుండె విద్యుత్ సంకేతాన్నే చదివే ఛాతీ బెల్టు వాడాలి. 1977లో మొదలైన ఫిన్లాండ్ కంపెనీ పోలార్ పేరు తెచ్చుకున్నది అలాంటి బెల్టులతోనే. ఇక 220లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం చెప్పే లెక్క సగటు మాత్రమే. ఒక్కో మనిషికి పది పన్నెండు అంకెలు అటూ ఇటూ ఉంటుంది.

పైగా మే నెలలో గాలిలో అంత తేమ ఉన్నప్పుడు, అదే వేగంతో పరుగెత్తినా గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. శరీరం చల్లబడటానికి రక్తం చర్మం వైపు పోతుంది కాబట్టి. వాచీ దాన్ని చూసి ఫిట్‌నెస్ తగ్గిందని, తానిచ్చే ఫిట్‌నెస్ నంబరు దించేస్తుంది. పందొమ్మిదేళ్ళ పిల్లాడు ఆ నంబరు చూసి కుంగిపోతే నాకు బాధేస్తుంది. వాడి కష్టంలో లోపం లేదు. ఎండాకాలంలో ఆ నంబరు పట్టించుకోవద్దనీ, వేగం తగ్గించుకుని పరుగెత్తమనీ వాచీ ఇచ్చేవాళ్ళే చెప్పాలి. పరుగులో ఛాతీ నొప్పో, కళ్ళు తిరగడమో వస్తే, వాచీ ఏం చూపిస్తున్నా ఆగి డాక్టర్ దగ్గరికి వెళ్ళమని కూడా చెప్పాలి.

ఖరీదైన వాచీ ఇస్తే పిల్లాడికి హుషారొస్తుందని మా బంధువులు నాతో వాదిస్తారు. ఆ హుషారు నిజమే, నేను కాదనను. అయితే అదే డబ్బులో ల్యాప్ మెమరీ ఉన్న వాచీ, గట్టు మీద కంకరకి తట్టుకునే మంచి షూ, కొన్ని నెలల పాలూ గుడ్లూ వస్తాయి. తాడేపల్లిగూడెం పక్కన మాధవరాన్ని మిలటరీ మాధవరం అంటారు. ప్రపంచ యుద్ధాల కాలం నుంచి సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు అది. అలాంటి ఊళ్ళ పిల్లలకి హుషారు మనం కొత్తగా ఇవ్వక్కర్లేదు. కొలత సరిగ్గా చూపించే పరికరం ఇస్తే చాలు.

మన సంఘానికి ఒక ప్రతిపాదన. మనలో చాలామంది ఇళ్ళల్లో, కొత్త మోడల్ రాగానే డ్రాయర్‌లో పడేసిన రన్నింగ్ వాచీలున్నాయి. వాటి బ్యాటరీ సగానికి పడిపోయినా గంటసేపు ప్రాక్టీసుకి సరిపోతుంది. డిసెంబర్ ప్రయాణాల లోపు కార్యవర్గం వాటిని సేకరించి, మన ఊళ్ళ హైస్కూళ్ళలో డ్రిల్లు మాస్టార్లకి చేర్చాలి. ఒక్క పిల్లాడి చేతికిస్తే ఒక్కడికే. మాస్టారి దగ్గరుంటే పరుగెత్తే అందరికీ పనికొస్తాయి, ఆడపిల్లలకి కూడా. ఇచ్చేముందు మీ ఎకౌంట్‌లోంచి వాచీని తొలగించండి, రీసెట్ చేయండి, బటన్లన్నీ పనిచేస్తున్నాయో నొక్కి చూడండి. ఛార్జింగ్ కేబుల్ దానితోపాటే కట్టి పంపండి. ఈ వాచీల్లో ఒక్కో కంపెనీ కేబుల్ ఒక్కో రకం. అది పోతే ముమ్మిడివరంలోనో, రాజోలులోనో వెతికి పట్టుకోవడం ఆ మాస్టారి వల్ల కాదు.