అమ్మవారి నైవేద్యం మీద మీ పెత్తనమేంటి?

మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌ చూసి ఇప్పుడే ఒళ్లు మండిపోయింది. బెంగాలీల దుర్గాపూజ మండపానికి వెళ్లొచ్చిన ఒకాయన, అక్కడి స్టాళ్లలో అమ్ముతున్న మటన్ బిర్యానీ, ఎగ్ రోల్స్ ఫొటోలు పెట్టి 'నవరాత్రుల్లో ఇదేం భక్తి? వీళ్లూ హిందువులేనా?' అని రాశాడు. దానికి వరసగా దండం బొమ్మలు. మూడో అంతస్తు బెంగాలీ ఆవిడ కూడా ఆ గ్రూప్‌లోనే ఉంది. ఒక్క మాట అనకుండా బయటికి వెళ్లిపోయింది.

ఆ పూజ గురించి ఆయనకు ఏం తెలుసని? బెంగాలీలకు దుర్గ అంటే పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టింటికి వచ్చే ఆడపిల్ల. కూతురు ఇంటికొస్తే పస్తులుంటామా, వండి పెడతామా? అష్టమి పొద్దున అమ్మవారికి పుష్పాంజలి ఇచ్చేదాకా ఏమీ తినరు. ఆ రోజు చాలా ఇళ్లలో లూచీలే (మైదా పూరీలు) తప్ప నీచు ఉండదు. అష్టమి చివరి 24 నిమిషాలు, నవమి మొదటి 24 నిమిషాలు కలిపి సంధిపూజ చేస్తారు. 108 తామరలు, 108 దీపాలు పెడతారు. ఒకప్పుడు మేకను బలిచ్చిన చాలాచోట్ల ఇప్పుడు బూడిదగుమ్మడికాయ నరుకుతారు. బలి మాంసం వండితే అందులో ఉల్లి, వెల్లుల్లి వెయ్యరు, అది ప్రసాదం కాబట్టి. కోల్‌కతాలోని కాళీఘాట్ కాళీ గుడిలో ఇప్పటికీ మేకను బలి ఇస్తారు. బెంగాల్‌లోనే తారాపీఠ్ గుడిలో అమ్మవారి భోగంలో, అంటే నైవేద్యంలో, చేప ఉంటుంది. జనం కళ్లకద్దుకుని తింటారు.

అసలు వీళ్ల కోపం బెంగాలీల మీద మాత్రమే కాదు. బోనాలప్పుడు మాకూ ఇదే జరిగింది. అమ్మవారికి యాటను కోసి, చుట్టాలను పిలిచి వండుకుంటే 'లిఫ్ట్ అంతా వాసన, ఇలాంటివి మీ ఊళ్లో పెట్టుకోండి' అని అసోసియేషన్ వాళ్లు మా అమ్మ మొహం మీదే అన్నారు. నెత్తిన బోనం పెట్టుకుని, చెప్పుల్లేకుండా గుడిదాకా నడిచిన మనిషిని! పోచమ్మకు, ఎల్లమ్మకు కోడి, కల్లు పెట్టాకే మా ఇంట్లో ముద్ద ముడతారు. దసరా నాడు మటన్ షాపు ముందు లైన్ లేని ఊరు తెలంగాణలో ఉందా? వాళ్లెవరికీ భక్తి లేదా?

ఉల్లిపాయ కూడా ముట్టనివాళ్లను నేనెప్పుడూ ఏమీ అనలేదు. వాళ్ల ఇంటి ఆచారం వాళ్లది. మా అమ్మ కూడా శుక్రవారం నీచు తినదు, అలాగని పక్కింటి గిన్నె మూత తీసి చూడదు. ముందు ఆ ఫొటోలు తీసేయండి. తర్వాత మూడో అంతస్తుకు వెళ్లి ఆవిడకు క్షమాపణ చెప్పండి. మా అమ్మకు చెప్పాల్సింది కూడా ఇంకా బాకీ ఉంది.