యూకేలో కొత్త లైసెన్సు, నెత్తిన ఇన్సూరెన్స్ బండ

"కారు రెండు వేల పౌండ్లదే, ఇన్సూరెన్స్ కూడా రెండు వేలు అడుగుతున్నారు, ఇదేం దోపిడీ?" యూకేలో డ్రైవింగ్ టెస్టు పాసైన వారం తిరక్కుండానే ప్రతివాళ్ళూ ఆన్‌లైన్ గ్రూపుల్లో అడిగే ప్రశ్న ఇది. కింద వచ్చే సలహాలూ ఎప్పుడూ అవే. మీ ఆవిడ పేరు పెట్టండి, ఆడవాళ్ళకి తక్కువ. చిన్న ఊళ్ళో ఉన్న ఫ్రెండ్ అడ్రస్ ఇవ్వండి. తెలిసిన అన్న ఒకాయన ఉన్నాడు, సగం రేటుకే ఇప్పిస్తాడు. అంత ప్రీమియం కట్టడం కష్టమే, కాదనను. కానీ ఈ సలహాలు విని మిగుల్చుకునే దానికంటే పోగొట్టుకునేదే ఎక్కువ.

ముందు ఒక అపోహ వదిలించుకుందాం. ప్రీమియంలో పెద్ద భాగం మీ కారు కోసం కాదు, మీ కారు ఎవరిని గుద్దుతుందో వాళ్ళ కోసం. 1988 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టం ప్రకారం అవతలి మనిషికి తగిలిన గాయాలకి ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వాల్సిన పరిహారానికి పైపరిమితి లేదు. పాతికేళ్ళ కుర్రాడు మంచాన పడితే జీవితాంతం చూసుకునే ఖర్చు మిలియన్లలో తేలుతుంది. ఆ మొత్తాన్ని ఒకేసారి ఎంత ఇవ్వాలో లెక్కకట్టడానికి, ఆ డబ్బు మీద ఎంత రాబడి వస్తుందో అంచనాగా ప్రభుత్వం ఒక రేటు పెడుతుంది. రేటు తగ్గితే ఇవ్వాల్సింది పెరుగుతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లో 2017 మార్చిలో దాన్ని 2.5 శాతం నుంచి మైనస్ 0.75కి దించారు. పరిహారాలు పెరిగాయి, ఆ భారం ప్రీమియాల మీద పడింది. ఆ తర్వాత రేటుని మళ్ళీ పెంచుతూ 2019లో మైనస్ 0.25, 2025 జనవరిలో ప్లస్ 0.5 చేశారు. ఇది చాలక ప్రతి ప్రీమియం మీదా 12 శాతం పన్ను. అందుకే పాత డొక్కు కారు కొంటే ఇన్సూరెన్స్ కూడా చవగ్గా వస్తుందన్న లెక్క ఇక్కడ పనిచేయదు. థర్డ్ పార్టీ (అవతలివాళ్ళ నష్టానికి మాత్రమే కవర్) తీసుకుంటే తగ్గుతుందన్నదీ అంతే. దాన్ని ఎంచుకునేవాళ్ళ క్లెయిములే ఎక్కువని కంపెనీల అనుభవం, కాబట్టి చాలాసార్లు మీ కారు నష్టానికీ కవర్ ఇచ్చే కాంప్రహెన్సివే తక్కువకి వస్తుంది. కోట్ అడిగేటప్పుడు మూడు రకాలూ చూడండి: థర్డ్ పార్టీ, దానికి అగ్నిప్రమాదం, దొంగతనం కలిపినది, కాంప్రహెన్సివ్.

ఇక మనవాళ్ళ అసలు బాధ: హైదరాబాద్ ట్రాఫిక్‌లో పదేళ్ళు నడిపినవాణ్ణి నన్ను కొత్త డ్రైవర్ అంటారా? అంటారు. ఇండియన్ లైసెన్సు మార్చి ఇచ్చే దేశాల జాబితాలో మనం లేము. ఇక్కడ నివాసం మొదలైన రోజు నుంచి 12 నెలలు మాత్రమే దానితో నడపొచ్చు. మధ్యలో ఇండియా వెళ్ళొచ్చినంత మాత్రాన ఆ లెక్క మళ్ళీ మొదటికి రాదు. ఆ తర్వాత ప్రొవిజనల్ (లెర్నర్) లైసెన్సు, ఎల్ ప్లేట్లు, పక్కన 21 ఏళ్ళు దాటి, మూడేళ్ళుగా ఫుల్ లైసెన్సు ఉన్న మనిషి. గడువు దాటాక కూడా ఇండియన్ లైసెన్సుతోనే నడుపుతూ, పాలసీ ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్ళని చూస్తే భయమేస్తుంది.

టెస్టు పాసయ్యాక ఫారంలో "ఫుల్ యూకే లైసెన్సు, ఎన్నేళ్ళుగా?" అని ఉన్నచోట పాసైన తేదీయే రాయాలి. ఇండియా పదేళ్ళు అక్కడ కలపకూడదు. కొన్ని కంపెనీలు విదేశీ లైసెన్సు గురించి విడిగా అడుగుతాయి, ఆ పదేళ్ళూ అక్కడ రాయండి. ఇండియాలోని నో క్లెయిమ్ బోనస్ లెటర్‌ని ఒప్పుకునేవి తక్కువ. కొనకముందే ఫోన్ చేసి అడిగి, ఒప్పుకుంటే ఆ మాట ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

ఇప్పుడు పేర్ల సంగతి. ఆడవాళ్ళకి తక్కువ అన్నది 2012 డిసెంబర్ 21న ముగిసిన కథ. యూరోపియన్ కోర్టు తీర్పు ప్రకారం ఆ రోజు నుంచి ఆడా మగా చూసి రేటు వేయకూడదు. ఇంకా దీన్ని సలహాగా పంచుతున్నారంటే ఏమనాలి? అసలు ప్రమాదం మాత్రం వేరే ఉంది. రోజూ నడిపేది మీరై ఉండి, మెయిన్ డ్రైవర్‌గా అనుభవమున్న మరొకరి పేరు పెట్టి, మిమ్మల్ని నేమ్డ్ డ్రైవర్‌గా (పాలసీలో అదనంగా చేర్చిన డ్రైవర్‌గా) చూపిస్తే దాన్ని ఫ్రంటింగ్ అంటారు. అది మోసం కిందికి వస్తుంది. నిజంగా అప్పుడప్పుడు నడిపే అనుభవస్థుల్ని మీ పాలసీలో నేమ్డ్ డ్రైవర్‌గా చేర్చుకోవడం మాత్రం పూర్తిగా సబబే, తరచు ప్రీమియం తగ్గుతుంది కూడా. తేడా ఒక్కటే, ఎక్కువ నడిపేది ఎవరు?

ఎలా తెలుస్తుందిలే అంటారు. క్లెయిమ్ వచ్చేదాకా ఎవరూ పట్టించుకోరు, నిజమే. వచ్చాక కారు రోజూ ఏ ఆఫీసు పార్కింగ్‌లో ఉంటుందో, యాక్సిడెంట్ టైముకి ఎక్కడికి వెళ్తున్నారో అన్నీ అడుగుతారు. ఏడాదికి 4000 మైళ్ళే అని రాసినవాళ్ళకైతే ప్రతి ఎమ్ఓటీలో (కారు ఫిట్‌నెస్ తనిఖీలో) మైళ్ళ రీడింగ్ నమోదై ఉంటుంది. 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం ప్రకారం పొరపాటున అజాగ్రత్తగా తప్పు చెబితే క్లెయిమ్‌ని ఆ నిష్పత్తిలో కోయొచ్చు: 2000 కట్టాల్సిన చోట 1000 కట్టి ఉంటే సగమే చేతికొస్తుంది. కావాలని చెప్పారని తేలితే పాలసీయే చెల్లదనొచ్చు, కట్టిన ప్రీమియం కూడా ఉంచుకోవచ్చు. అవతలి మనిషికి ఇచ్చిన పరిహారాన్ని మీ దగ్గర వసూలు చేసుకునే హక్కూ ఉంది. ఆపైన "మీ పాలసీ ఎప్పుడైనా రద్దయిందా?" అని ప్రతి ఫారం అడుగుతుంది, ప్రతిసారీ అవునని రాయాలి.

ఇన్సూరెన్స్ లేకుండా నడిపితే ఫిక్స్‌డ్ పెనాల్టీయే 300 పౌండ్లు, లైసెన్సు మీద 6 పెనాల్టీ పాయింట్లు. మొదటి రెండేళ్ళలో 6 పాయింట్లు పడితే లైసెన్సే రద్దు. మళ్ళీ ప్రొవిజనల్, థియరీ, ప్రాక్టికల్. స్టీరింగ్ దగ్గర ఫోన్ చేత్తో పట్టుకుని వాడినా 6 పాయింట్లే, 200 పౌండ్లు. ఒక్క వాట్సాప్ మెసేజ్ చాలు.

నిజంగా తగ్గేది కారు ఎంపికలో. చాలా కార్లకి 1 నుంచి 50 దాకా ఇన్సూరెన్స్ గ్రూపులున్నాయి, నంబర్ పెరిగేకొద్దీ ప్రీమియమూ పెరుగుతుంది. ఒకే మోడల్‌లో ఇంజిన్, ట్రిమ్ మారితే గ్రూపూ మారిపోతుంది. కాబట్టి అడ్వాన్స్ ఇవ్వకముందే ఆ కారు నంబర్‌తోనే కోట్ తీయండి. కేటగిరీ ఎస్, ఎన్ అని ఉంటే అది ఒకసారి రైటాఫ్ అయిన (ప్రమాదం తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ వదిలేసిన) కారు, కొన్ని కంపెనీలు తీసుకోవు. పాత ఓనర్ వేయించిన అల్లాయ్స్, టింట్ కూడా మోడిఫికేషన్లే, చెప్పాలి. గరాజ్‌లో పెడతామంటే తగ్గుతుందని గ్యారంటీ ఏమీ లేదు. మొదలయ్యే తేదీకి మూడు నాలుగు వారాల ముందు కోట్ తీస్తే, ముందురోజు కంగారుగా కొన్నదానికంటే చాలావరకు తక్కువకి దొరుకుతుంది.

క్లెయిమ్‌లో మన జేబులోంచి పెట్టుకునే మొత్తాన్ని ఎక్సెస్ అంటారు. వాలంటరీ ఎక్సెస్ పెంచి ప్రీమియం తగ్గించుకునేవాళ్ళు కాగితం మీద కూడిక చేసుకోండి. కంపల్సరీ 350, కొత్త డ్రైవర్ ఎక్సెస్ 300, మీరు పెంచుకున్న 500 అనుకుందాం, మొత్తం 1150. కారు విలువ 1500 అయితే మొత్తం నుజ్జయినా చేతికొచ్చేది 350. ఆ కొత్త డ్రైవర్ ఎక్సెస్ చాలా పాలసీల్లో వయసుతో పనిలేకుండా లైసెన్సుకి ఏడాది నిండని అందరికీ వర్తిస్తుంది. నెలవారీ వాయిదాలంటే చాలావరకు అది వడ్డీతో అప్పు. ఏపీఆర్ (ఏడాదికి పడే వడ్డీ రేటు) చూడకుండా ఒప్పుకోవద్దు.

మీ డ్రైవింగ్‌ని గమనించడానికి కారులో పెట్టే బ్లాక్ బాక్స్ మీద నాకు అనుమానాలున్నా, చాలామందికి మొదటి ఏడాది అదే దారి. స్పీడు, బ్రేకు, మలుపులు, ఏ టైములో నడిపారు అన్నీ చూస్తుంది. కేర్ హోమ్‌లో, వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టులు చేసేవాళ్ళు రాత్రి డ్రైవింగ్ నిబంధన చదవకుండా తీసుకుంటే స్కోరు రోజురోజుకీ దిగిపోతుంది, చివరికి కంపెనీయే రద్దు చేయొచ్చు. యాప్ రకమైతే ఫోన్ చార్జింగ్, లొకేషన్ పర్మిషన్ మీరే చూసుకోవాలి.

ఫుడ్ డెలివరీకి కమ్యూటింగ్ (ఆఫీసుకి వెళ్ళొచ్చే) కవర్ పనికిరాదు, డబ్బు తీసుకుని సరుకులు చేరవేసేవాళ్ళ హైర్ అండ్ రివార్డ్ కావాలి. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధే నిషిద్ధం కాబట్టి వాళ్ళకి ఆ చర్చే అనవసరం.

సగం రేటుకి ఇప్పించే అన్నల్ని ఇక్కడ ఘోస్ట్ బ్రోకర్లంటారు. ఒకడు నకిలీ పీడీఎఫ్ ఇస్తాడు. ఇంకొకడు మీ వయసు, అడ్రస్ మార్చి నిజం పాలసీయే తీస్తాడు. మరొకడు తీసిన వారానికే రద్దు చేసి రీఫండ్ జేబులో వేసుకుంటాడు. పోలీసు కెమెరా నంబర్ ప్లేట్ చదివి డేటాబేస్‌లో చూసినప్పుడు ఆపేది మిమ్మల్ని, అన్నని కాదు. ఎవరిద్వారా కొన్నా, ఇన్సూరెన్స్ ఉన్న బండ్ల డేటాబేస్ నడిపే మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో వెబ్‌సైట్‌లో మీ బండి నంబర్ చూసుకోండి, ఉచితమే. కొత్త పాలసీ అక్కడ ఎక్కడానికి కొన్ని రోజులు పట్టొచ్చు, ఈలోగా కంపెనీ నంబర్ మీరే వెతికి ఫోన్ చేసి అడగండి.

రెన్యువల్లో పాత కస్టమర్‌కి కొత్త కస్టమర్ కంటే ఎక్కువ వేయకూడదని 2022 జనవరి 1 నుంచి రూలుంది. అయినా పక్క కంపెనీలో ఇంకా తక్కువ ఉండొచ్చు, చూడాల్సిందే. నో క్లెయిమ్స్ లెక్కలోకి రావాలంటే పాలసీ పన్నెండు నెలలూ పూర్తవ్వాలి. పదో నెలలో కారు అమ్మి రద్దు చేసుకుంటే ఆ ఏడాది మామూలుగా సున్నా కిందే లెక్క. నేమ్డ్ డ్రైవర్‌గా ఉన్న ఏడాదికీ ఎక్కువ కంపెనీల్లో అదే గతి. ఎంత మండినా మొదటి ఏడాది మీ సొంత పేరు మీద పాలసీ తీసుకోమనేది ఇందుకే.