డాలీ చావు, తోడేలు నేరం

తోడేలుకు జర్మనీ నేల మీద పట్టా లేదు. ఈ సంగతి ముందే తేల్చుకుందాం. జర్మనీలో ఆఖరిదిగా చెప్పే తోడేలును 1904లో లౌసిట్జ్ ప్రాంతంలో కాల్చి చంపారు. తర్వాత దాదాపు వందేళ్లు ఏ తోడేలూ అక్కడ కాపురం పెట్టి అభ్యంతరం చెప్పలేదు. హక్కు మనుషులకు ఖాయమైనట్టే కదా!

అలాంటిది, 2000లో అక్కడే ఒక జంట పిల్లల్ని పెట్టింది. వచ్చింది పోలండ్ వైపు నుంచి. పోలండ్ అప్పటికి ఐరోపా సమాఖ్యలో చేరనే లేదు, అంటే కాగితాలు లేని వలస. కాపురం పెట్టిందేమో సైన్యం కాల్పులు సాధన చేసే మైదానంలో! ఫిరంగుల మోతకు జంకని జీవాలు మనిషి పొరుగుకు జంకాయన్నమాట.

అదంతా దేశం ఓర్చుకుంది. 2022 సెప్టెంబరులో డాలీ పోయింది. డాలీ ముప్ఫై ఏళ్ల పొట్టి గుర్రం, ఐరోపా కమిషన్ అధ్యక్షురాలు ఉర్సులా ఫాన్ డెర్ లేయెన్ కుటుంబానిది. డీఎన్ఏ పరీక్ష జరిగింది. ముద్దాయి తోడేలు పేరు తేలింది: జీడబ్ల్యూ950ఎమ్. చచ్చినదానికి ముద్దుపేరు, చంపినదానికి లారీ నంబరు. సమన్లు అంటించడానికి ముద్దాయికి తలుపు లేదు. కాల్చడానికి అనుమతి ఇచ్చారు, గడువు 2023 జనవరితో తీరిపోయింది, ముద్దాయి దొరకలేదు.

ఆ ఏడాదే అధ్యక్షురాలు తోడేళ్ల వల్ల పశువులకు నిజమైన ప్రమాదముందని, మనుషులకూ ఉండవచ్చని ప్రకటించారు. నలభై ఏళ్లలో ఐరోపాలో తోడేలు వాతపడి మనిషి చనిపోయిన దాఖలా లేదని ఆమె కమిషన్ నివేదికే చెబుతోంది. 2025 మార్చి నుంచి, వన్యప్రాణుల రక్షణ కోసం ఐరోపా దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో తోడేలు 'కఠిన రక్షణ' నుంచి ఉత్త 'రక్షణ'కు దిగింది. ఆ గుర్రానికీ దీనికీ సంబంధం ఉందని నేనన్నానా? అనలేదు.

అదే నివేదికలో ఇంకో లెక్క ఉంది. సమాఖ్యలో తోడేళ్లు ఏటా చంపే పశువులు కనీసం 65,500. అందులో దాదాపు నాలుగింట మూడొంతులు గొర్రెలు, మేకలే. తెల్లారి దొడ్డికి వెళ్లి, గొంతులు చీలిన గొర్రెలను ఒక్కొక్కటిగా ఈడ్చుకొచ్చే కాపరి ఇరవై ఏళ్లుగా ఉన్నాడు. అతని కోసం ఎవరికీ ఇంత తొందర పుట్టలేదేం? ఒక తోడేలును కాలిస్తే, కంచె లేని మంద మీదికి ఇంకోటి వస్తుంది. కరెంటు కంచె, కాపలా కుక్క పనికొస్తాయి, కానీ వాటికి రోజూ చాకిరీ చేయాలి. తూటాకైతే ఒక ప్రకటన చాలు. సిగ్గనేది ఉండాలి!

కాపరులకు నాదొక్కటే సలహా. మందలో ప్రతి గొర్రెకూ డాలీ అని పేరు పెట్టండి. క్లోనింగ్ గొర్రెకు ఒకసారి పెట్టిందే, చట్టపరంగా ఇబ్బంది రాదు.