మీటర్ ఎర్రబడేదాకా గెయిన్ పెంచొద్దు

వైజాగ్‌లో ఇంట్లోనే పాటలు రికార్డు చేసుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "లెవెల్ ఎరుపు అంచును తాకాలి, లేకపోతే క్వాలిటీ పోతుంది, హిస్ వస్తుంది. ఎర్రలైటు వెలిగినా భయం లేదు, ఫేడర్ దించితే చాలు, సాఫ్ట్‌వేర్ 32 బిట్ ఫ్లోట్ కదా!" గెయిన్ అంటే మైక్ నుంచి వచ్చే శబ్దాన్ని రికార్డయ్యే ముందే పెంచేది, ఫేడర్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఆ తర్వాత పెంచి తగ్గించే మీట, హిస్ అంటే సన్నని బుస శబ్దం, ఫ్లోట్ అంటే హద్దు దాటిన లెవెల్‌నూ దాచుకోగల అంకెల పద్ధతి. ఇది నమ్మి కొత్తవాళ్లు బంగారం లాంటి టేకులు పోగొట్టుకుంటున్నారు.

ముందు ఫేడర్ సంగతి. గొంతు అంకెలుగా మారేది ఇంటర్‌ఫేస్‌లోని (మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే పెట్టె) కన్వర్టర్‌లో. అక్కడ మీటర్ పై హద్దయిన సున్నా డెసిబెల్స్ దాటిన శబ్దానికి చోటు లేదు, తరంగం తల తెగిపోతుంది. సాఫ్ట్‌వేర్ ఎన్ని బిట్లదైనా దానికి అందేది ఆ తెగిన తరంగమే. రెండేసి కన్వర్టర్లతో ఫ్లోట్‌లోనే రికార్డు చేసే యంత్రాలు ఉన్నాయి, నిజమే. మన ఇళ్లలో ఉండే చిన్న ఇంటర్‌ఫేసులు మామూలుగా ఆ రకం కావు.

ఎంవీపీ కాలనీలో ఒక గదిలో తప్పెటగుళ్లు రికార్డు చేశాం. నెమ్మదిగా వాయించి చూపిస్తే మైనస్ 6 దగ్గర గెయిన్ పెట్టేశాను. ఊపు అందుకోగానే రేకు మీద పడ్డ ప్రతి దెబ్బా ఎరుపే. జూమ్ చేసి చూస్తే తరంగం పైభాగం కత్తిపీటతో కోసినట్టు చదునుగా ఉంది. ఫేడర్ దించితే అదే పగులు కాస్త మెల్లగా వినిపించింది, అంతే. చెమటలు కక్కుతున్న పెద్దాయన్ని "తాతా, ఇంకొక్కసారి" అని అడగాల్సి వచ్చింది. రెండోసారి ఆ ఊపు రాలేదు.

క్వాలిటీ పోతుందన్న భయం 16 బిట్ల కాలం నాటిది. అతి గట్టి శబ్దానికీ అతి చిన్న శబ్దానికీ మధ్య దక్కే తేడా, ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్స్ లెక్కన 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. పీక్ (అన్నిటికంటే పై లెవెల్) మైనస్ 12 దగ్గర ఆగితే 24 బిట్లలో పోయేది రెండు బిట్లే.

ఇక హిస్. గెయిన్ పెంచితే గొంతుతో పాటు ఫ్యాను మోత, బయటి హారన్లు కూడా అంతే పెరుగుతాయి. ఫ్యాను ఆపి మైక్‌కు దగ్గరగా జరగండి. మరీ మైనస్ 40 దగ్గర రికార్డు చేసి తర్వాత పెంచితే మాత్రం ప్రీయాంప్ (ఇంటర్‌ఫేస్‌లో మైక్ శబ్దాన్ని పెంచే భాగం) హిస్ బయటపడొచ్చు.

పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే చోటు పాడించి, ఇంటర్‌ఫేస్ నాబ్‌తోనే పీక్ మైనస్ 12 దగ్గర ఉంచండి. సగటు మైనస్ 18 చుట్టుపక్కల ఉంటే చాలు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ట్రాక్ మీటర్ ఫేడర్ తర్వాతి లెవెల్ చూపిస్తుంది, ఫేడర్ దించగానే పచ్చగా మారి మోసం చేస్తుంది. దాన్ని ప్రీ ఫేడర్‌కు, అంటే ఫేడర్‌కు ముందటి లెవెల్ చూపేలా, మార్చుకున్నాకే రికార్డు నొక్కండి.