ఉబ్బసం చీటీలో బరువు కూడా రాయండి

చలి మొదలైతే ఒంగోలు, నెల్లూరుల్లో ఛాతీ డాక్టర్ల దగ్గర కుర్చీ దొరకదు. ఆయాసం, పిల్లికూతలు, రాత్రంతా నిద్ర లేకపోవడం. ఇన్హేలర్ రాస్తారు, అది కరెక్టే. బరువు సంగతి మాత్రం "కాస్త తగ్గమ్మా" అన్న మాటతో సరి, ఈలోపు ఇంకో పేషెంటు లోపలికొచ్చేస్తారు. ఇది చాలదని మా అభిప్రాయం.

పొట్ట, ఛాతీ చుట్టూ కొవ్వు పేరుకుంటే ఊపిరి వదిలాక కూడా ఊపిరితిత్తుల్లో మిగలాల్సిన గాలి తగ్గిపోతుంది, దాంతో అసలే బిగుసుకుపోయే సన్నటి గాలిగొట్టాలు తొందరగా మూసుకుపోతాయి, పైగా ఆ కొవ్వు ఊరికే పడి ఉండదు, ఒంట్లో వాపును పెంచే పదార్థాలు వదులుతుంటుంది. లావుగా ఉన్నవాళ్లలో చాలామందికి పీల్చే స్టెరాయిడ్ అంతగా పనిచేయకపోవడానికి ఇదీ ఒక కారణమే.

మరి తగ్గితే? 2000లో ఫిన్లాండ్ డాక్టర్లు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. ఊబకాయం, ఉబ్బసం రెండూ ఉన్న 38 మందిని తీసుకుని సగం మందిని 14 వారాల బరువు తగ్గించే కార్యక్రమంలో పెట్టి, అందులో 8 వారాలు కట్టుదిట్టమైన ఆహారం ఇస్తే, వాళ్ల బరువు సగటున 14.5 శాతం తగ్గింది, ఊపిరితిత్తుల పనితీరు మెరుగైంది, ఏడాది తర్వాత కూడా ఆ మేలు కనిపించింది. 2013లో ఆస్ట్రేలియావాళ్లు 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి ఉబ్బసం అదుపు మెరుగుపడుతుందని చూపారు. రెండూ చిన్న అధ్యయనాలే, నిజమే. కానీ 80 కిలోల మనిషికి 5 నుంచి 10 శాతమంటే 4 నుంచి 8 కిలోలు, అసాధ్యమేం కాదు. చేపల పులుసు మానక్కర్లేదు, దానికింద గుట్టగా పోసుకునే అన్నం తగ్గించాలి. బరువు తగ్గింది కదా అని ఇన్హేలర్ సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం.

ఆయాసం వచ్చినప్పుడల్లా స్టెరాయిడ్ మాత్రలు మింగేవాళ్లకు ఇంకో చిక్కు. ఆకలి పెరిగి బరువు పెరుగుతుంది, దాంతో ఆయాసమూ పెరుగుతుంది. (మృగశిర కార్తెకు చేప మందు కోసం హైదరాబాద్ రైలెక్కే ఓపికలో కొంత రోజూ నడకకి పెట్టినా బాగుండు.)

అయితే చీమకుర్తి క్వారీల్లో దుమ్ము పీల్చే కార్మికుడికి బరువు తగ్గమని చెప్పి చేతులు దులుపుకుంటే ఒప్పుకోం. అక్కడ ముందు నీళ్లు చల్లి దుమ్ము అణచాలి, మాస్కులివ్వాలి. మిగతాచోట్ల ప్రభుత్వాసుపత్రుల్లో ఉబ్బసం రోగికి గాలి ఊదించే పరీక్షతోపాటు తూకమూ, నడుం కొలతా చీటీలో రాయాలి, అన్నం ఎంత, నూనె ఎంత అని కూర్చోబెట్టి చెప్పే మనిషిని పెట్టాలి. బీపీ, షుగర్ చూడ్డానికి ఊళ్లకొచ్చే సిబ్బందికే ఈ పనీ అప్పగించొచ్చు.