ఎత్తు గురించి పిల్లల్ని అడగడం ఇక ఆపండి

మా అబ్బాయి నెల రోజులుగా పొద్దున్నే ఇనుప రాడ్ పట్టుకుని వేలాడుతున్నాడు, ఎత్తు పెరగాలని. మొన్న పులుసన్నం కలుపుకుంటూ "మంటమ్మా" అంటే చెయ్యి తిప్పి చూశాను. అరచేతి నిండా చితికిన బొబ్బలు.

వాడికి పదహారేళ్లు, 5 అడుగుల 4 అంగుళాలు, అంటే దాదాపు 163 సెంటీమీటర్లు. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా వాణ్ణి "ఏరా, ఇంకా ఇంతేనా?" అంటారు. నన్ను "పిల్లాడికి సరిగ్గా పెట్టట్లేదా వదినా?" అంటారు.

మా ఆయన 163 సెంటీమీటర్లు, నేను 152. రెండూ కూడి, మగపిల్లాడు కాబట్టి 13 కలిపి, సగం చేస్తే 164. పిల్లల డాక్టర్లు వేసే లెక్క ఇదే, ఓ 8 సెంటీమీటర్లు అటూఇటూగా. వాడు ఉండాల్సిన చోటే ఉన్నాడు! ఎత్తుని నిర్ణయించే జన్యువు ఒక్కటంటూ లేదు. 2022లో 54 లక్షల మంది డీఎన్ఏ పరిశీలిస్తే ఎత్తుతో ముడిపడిన తేడాలు 12 వేలకు పైగా దొరికాయి. ఒక్కోటి చేసేది చాలా కొంచెం. వాటిలో ఎవరికి ఏవి వస్తాయో చెప్పలేం, అందుకే ఒకే ఇంట్లో అన్న పొడుగు, తమ్ముడు పొట్టి.

తిండి ముఖ్యం కాదని నేననను. 1896లో పుట్టిన దక్షిణ కొరియా ఆడవాళ్లకంటే 1996లో పుట్టినవాళ్లు సగటున 20 సెంటీమీటర్లు ఎత్తు. వందేళ్లలో జన్యువులు అంతలా మారవు. తిండి మారింది, జబ్బులు తగ్గాయి. కానీ ఆ తిండి అన్నిటికన్నా ఎక్కువ పనిచేసేది కడుపులో ఉన్నప్పుడు, మొదటి రెండేళ్లలో. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం, ఆంధ్రలో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. బాధపడాలంటే దానికి పడండి. మీ వీధిలో గర్భిణికి రోజూ గుడ్డు అందుతోందో లేదో అడగండి.

టీవీలో చూసి నేనూ రెండు డబ్బాల పౌడర్ కొన్నాను. డాక్టర్ ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించి, ఎముకల చివర పెరిగే భాగం దాదాపు గట్టిపడిపోయిందని చూపించారు. అది మూసుకున్నాక ఏ పౌడరూ, ఏ వేలాడటమూ ఎముకని సాగదీయలేవు. చిన్న వయసులోనే పెరుగుదల ఉన్నట్టుండి ఆగిపోతే మాత్రం వెంటనే డాక్టర్‌కి చూపించాలి. థైరాయిడ్ లాంటివి ఉంటే మందులున్నాయి.

ఆదివారం రాడ్ విప్పేశాం. వచ్చే నెల మా ఆడపడుచు కూతురి పెళ్లి. అక్కడ ఎవరైనా వాణ్ణి పక్కన నిలబెట్టుకుని కొలిస్తే, ఈసారి నేను నవ్వి ఊరుకోను.