సోషల్ పాఠానికి మాట కావాలి

2023 నవంబరు 30 తెల్లవారుజామున నాగార్జునసాగర్ డ్యామ్ మీద రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు తమవైపు సగం గేట్లను అధీనంలోకి తీసుకుని ముళ్లకంచె వేశారు. కుడి కాలువకు నీళ్లు వదిలారు. అదే రోజు తెలంగాణలో అసెంబ్లీ పోలింగ్. ఆఖరికి కేంద్ర బలగాలు వచ్చి డ్యామ్‌కు కాపలా కాయాల్సి వచ్చింది. ఆ డ్యామ్‌కు ఒకవైపు విజయపురి సౌత్, ఇంకోవైపు విజయపురి నార్త్. ఊరి పేరు ఒకటే, నది ఒకటే, భాష ఒకటే. రెండుచోట్లా పదో తరగతి పిల్లలున్నారు, రెండుచోట్లా వాళ్లు నదుల పాఠం చదువుతారు. కానీ ఇటు పిల్లలు అటు పిల్లలతో ఆ నీళ్ల గురించి మాట్లాడుకునే ఏర్పాటు మన బడుల్లో లేదు. ఆ సంగతి వాళ్లు టీవీలో చూశారు, వాట్సాప్‌లో వచ్చిన వీడియోల్లో చూశారు, పెద్దవాళ్ల కోపంలో విన్నారు.

సాంఘికశాస్త్రం మాట్లాడుకుంటేనే వంటబట్టే సబ్జెక్టు. లెక్క తప్పితే పుస్తకం వెనక జవాబు చూసి సరిచేసుకోవచ్చు. కృష్ణా నీళ్లలో ఎవరి వాటా ఎంత అన్నదానికి పుస్తకం వెనక జవాబు ఉండదు. అవతలి మనిషి ఏమంటున్నాడో విని, మన మాట చెప్పి, లెక్కలు ముందు పెట్టుకుని తేల్చుకోవాల్సిన విషయం అది. ఆ పని నేర్పాల్సిన సబ్జెక్టును మనం బిట్లకు, ఐదు మార్కుల ప్రశ్నలకు కుదించేశాం. మన పిల్లలు దేశాన్ని, ప్రపంచాన్ని గురించి ఆన్‌లైన్‌లో ఒకరితో ఒకరు చర్చించుకునే చోటును బడే కల్పించాలని, అదీ ఆలస్యం లేకుండా జరగాలని మేము కోరుతున్నాం.

పుస్తకాలు రాసినవాళ్లను తప్పుపట్టలేం. రాష్ట్ర విభజన నాటి సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకాలు తిరగేసిన వాళ్లకు తెలుసు, వాటిలో పాఠం మధ్యలోనే ప్రశ్నలుంటాయి. మీ ఊరిలో ఇలా ఉందా, మీ పెద్దలను అడగండి, తరగతిలో చర్చించండి అంటాయి. అప్పటి పదో తరగతి పుస్తకంలో నదులు, నీటి వనరుల పాఠం తుంగభద్ర పరీవాహక ప్రాంతం మీదుగా మహారాష్ట్రలోని హివారే బజార్ ఊరి దాకా నడుస్తుంది. సబ్జెక్టుకు పెట్టుకున్న ఆరు విద్యా ప్రమాణాల్లో ఒకటి ‘సమకాలీన అంశాలపై ప్రతిస్పందన, ప్రశ్నించడం’. ఇంత మంచి మాట రాసుకుని మనం ఏం చేశాం? ఆ ప్రతిస్పందనను కూడా గైడులో అచ్చువేయించాం. పిల్లవాడు తన అభిప్రాయాన్ని స్టడీ అవర్లో బట్టీపట్టి, పరీక్షలో అప్పజెప్పి వస్తున్నాడు. ‘నా అభిప్రాయం ప్రకారం’ అని మొదలయ్యే జవాబు ఒకే హాల్లో ఇరవై పేపర్లలో ఒకేలా ఉంటే, తప్పు ఆ పిల్లలది కాదు.

ఇంకో సంగతి కూడా ఆలోచించాలి. ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ తీసుకునే పిల్లలకు సోషల్ అక్కడితో ఆఖరు. అంటే పదిహేనేళ్ల వయసులో మూసిన పుస్తకం మళ్లీ తెరవరు. 61వ రాజ్యాంగ సవరణ తర్వాత 1989 నుంచి మన దేశంలో పద్దెనిమిదేళ్లకే ఓటు. చివరి సోషల్ పరీక్షకూ మొదటి ఓటుకూ మధ్య మూడేళ్లు. ఆ మూడేళ్లూ వాళ్ల చేతిలో ఉండేది ఫోన్ ఒక్కటే. రాజకీయం, మతం, కులం, యుద్ధం, రిజర్వేషన్లు, అన్నీ అందులోనే వాళ్లకు చేరుతున్నాయి. కాబట్టి ‘పిల్లల్ని ఆన్‌లైన్ చర్చల్లోకి దింపాలా వద్దా’ అన్న ప్రశ్నకు కాలం చెల్లింది. వాళ్లు ఎప్పుడో దిగారు. పక్కన పెద్ద దిక్కు లేకుండా దిగారు, అదే మా బాధ.

పెద్ద దిక్కు లేకపోతే ఏమవుతుందో 2018 మే నెలలో చూశాం. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ వదంతులను నమ్మి తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ, ఇంకా చాలా రాష్ట్రాల్లోనూ జనం అమాయకుల్ని కొట్టారు, ప్రాణాలు తీశారు. ఆ రోజుల్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి తన పోలీసుల్ని ఊరూరా పంపి, పాటలతో, డప్పుతో, వచ్చిన ప్రతి మెసేజ్ నిజం కాదని చెప్పించారు. పోలీసులు చేసిన ఆ పని అసలు సోషల్ టీచర్ పని. ఈ ఫొటో ఎక్కడిది, ఎప్పటిది, ఎవరు తీశారు, వేరే ఎవరైనా ఇదే చెబుతున్నారా అని అడగడం చరిత్ర పాఠంలో ఆధారాలను పరిశీలించడం కంటే వేరేమీ కాదు.

ఆన్‌లైన్ చర్చ అంటే పిల్లలందరికీ కొత్త ఖాతాలు తెరిచి సోషల్ మీడియాలో వదిలేయడం అని మా ఉద్దేశం కాదు. టీచర్ కళ్లముందు, బడి కంప్యూటర్ గదిలోనో ట్యాబుల్లోనో, వారానికి ఒక ప్రశ్న మీద, ఈ బడి పిల్లలు ఇంకో బడి పిల్లలతో రాతలో మాట్లాడుకోవడం. రాతలోనే ఎందుకంటే, నోటికొచ్చింది అనేయడానికీ రాసి పంపడానికీ మధ్య ఒక్క క్షణం ఆగడం ఉంటుంది. మాటకు ఆధారం చూపాలన్న నియమం పెడితే ఆ క్షణం ఇంకా పెరుగుతుంది. తరగతిలో లేచి నిలబడి మాట్లాడటానికి భయపడే అమ్మాయి, నత్తి ఉన్న అబ్బాయి, వెనక బెంచీలో కూర్చునే గిరిజన విద్యార్థి కూడా రాతలో తమ మాట చెప్పగలరు.

కృష్ణా నీళ్లనే తీసుకుందాం. రాష్ట్రాల మధ్య కృష్ణా నీళ్లు పంచడానికి వేసిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీళ్లు) కేటాయించింది. విభజన తర్వాత 2015లో తాత్కాలిక ఏర్పాటుగా 512 టీఎంసీలు ఆంధ్రప్రదేశ్‌కు, 299 తెలంగాణకు అన్నారు. పరీవాహక ప్రాంతం ఎక్కువ మాది కాబట్టి వాటా పెరగాలని తెలంగాణ అంటుంది. ఏళ్ల తరబడి సాగులో ఉన్న ఆయకట్టును ఎండబెట్టలేమని ఆంధ్రప్రదేశ్ అంటుంది. 2023 అక్టోబరులో కేంద్రం ఈ పంపకాన్ని బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ముందు పెట్టింది. ఇప్పుడు మాచర్ల పిల్ల ‘మా నీళ్లు మీరు తీసుకుపోతున్నారు’ అని రాసిందనుకోండి. నల్లగొండ పిల్లవాడు ‘డ్యామ్ పక్కనే ఉండి మేం ఫ్లోరైడ్ నీళ్లు తాగాం’ అని జవాబిస్తాడు. ఆ జవాబు ఆమె పుస్తకంలో ఉండదు, ఆమె ఊళ్లో ఎవరూ చెప్పరు. ఎడమ కాలువ నీళ్లు తెలంగాణ దాటి ఆంధ్రప్రదేశ్‌లోని తిరువూరు, నూజివీడు వైపు కూడా పారతాయని ఇద్దరిలో ఎవరో మ్యాప్ తీసి చూపిస్తారు. అప్పుడు గొడవ కాస్తా లెక్కగా మారుతుంది. ఇద్దరూ ఒప్పుకోకపోవచ్చు, ఒప్పుకోనక్కర్లేదు కూడా. అవతలివాడు దొంగ కాదని, వాడికీ ఒక కారణం ఉందని తెలిస్తే చాలు.

ప్రపంచ విషయాలు మన పిల్లలకు దూరమన్న మాట మేము ఒప్పుకోం. 2025 ఆగస్టులో అమెరికా మన సరకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచగానే భీమవరం చుట్టుపక్కల చెరువుగట్ల మీద టెన్షన్ మొదలైంది. రొయ్యల ఎగుమతిలో మనకు గట్టి పోటీ ఈక్వెడార్. రొయ్యల రైతు కొడుక్కి అంతర్జాతీయ వాణిజ్యం అంటే నాన్న ఫోన్‌లో కౌంట్‌కు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కకు) ఇంత అని అడిగే ధర. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పిల్లలకు గల్ఫ్ దేశాల కార్మిక చట్టాలంటే రెండేళ్లకోసారి వచ్చే నాన్న. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లినప్పుడు అక్కడ మెడిసిన్ చదువుతున్న తెలుగు విద్యార్థులు బంకర్లలో తలదాచుకున్నారు, ఇక్కడ వంటింట్లో సన్‌ఫ్లవర్ నూనె ధర ఎగిసింది.

ఉద్దానం సంగతి మమ్మల్ని ఎక్కువగా కదిలిస్తుంది. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, పలాస ప్రాంతాల్లో దశాబ్దాలుగా కిడ్నీ జబ్బు జనాన్ని పీల్చేస్తోంది, కచ్చితమైన కారణం ఇప్పటికీ తేలలేదు. ఇలాంటి జబ్బే శ్రీలంకలో అనురాధపురం వైపు రైతు కుటుంబాలను, మధ్య అమెరికాలో చెరకు తోటల కూలీలను తినేస్తోంది. కవిటి హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదివే పిల్ల, అనురాధపురంలో అదే వయసు పిల్లకు ‘మీ ఊళ్లో ఏ నీళ్లు తాగుతారు? డయాలసిస్‌కు ఎంత దూరం వెళతారు?’ అని ఒక్క ఉత్తరం రాస్తే, అందులో భూగోళం ఉంది, పౌరశాస్త్రం ఉంది, అన్నిటికంటే మించి తన ఇంటి కష్టం తన ఒక్కదానిదే కాదన్న ఊరట ఉంది.

ఇది ఎవరూ చేయని పని కాదు. ప్రచ్ఛన్న యుద్ధం ఇంకా ముగియని 1988లోనే న్యూయార్క్ రాష్ట్రంలోని బడుల పిల్లల్నీ మాస్కో బడుల పిల్లల్నీ కంప్యూటర్ల ద్వారా కలిపారు. అణుబాంబులు గురిపెట్టుకుని కూర్చున్న రెండు దేశాల పిల్లలు కలిసి ప్రాజెక్టులు చేశారు. ఆ ప్రయత్నమే ఐఎర్న్ అనే అంతర్జాతీయ సంస్థగా ఎదిగింది. మాస్కోకూ న్యూయార్క్‌కూ కుదిరింది, సాగర్ గట్టుకు అటూ ఇటూ ఎందుకు కుదరదు?

తల్లిదండ్రుల భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. ఆడపిల్ల ఫొటో ఎవరి చేతిలో పడుతుందో, ముక్కూమొహం తెలియనివాడు నంబర్ అడుగుతాడేమో అన్నది కళ్లముందు జరిగే వాటిని చూసి పుట్టిన భయం. అందుకే ఫొటోలు వద్దు, ఫోన్ నంబర్లు వద్దు, ఇంటిపేరూ వద్దు. పేరులో మొదటి మాట, తరగతి, ఊరు చాలు. పిల్లల మధ్య విడిగా మెసేజ్‌లు ఉండకూడదు. ప్రతి రాతా టీచర్ చూశాకే అవతలికి వెళ్లాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లు నిండనివారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. పేరెంట్స్ మీటింగ్‌లో కూర్చోబెట్టి, చర్చ ఎలా నడుస్తుందో చూపించి, సంతకం తీసుకోండి. చూసిన తల్లి కాదనదని మా నమ్మకం.

‘బడిలోకి రాజకీయాలు తేవద్దు’ అనేవాళ్లకూ ఒక మాట. పార్టీ జెండాను బడిలోకి తేవద్దు, నిజమే. కానీ నీళ్లు, ధరలు, ఉద్యోగాలు, యుద్ధం గురించి మాట్లాడొద్దంటే ఇక మిగిలేది తేదీలే. మన దేశం 1992లో చేరిన బాలల హక్కుల ఒడంబడిక పిల్లలకు సమాచారం వెతుక్కునే, పంచుకునే స్వేచ్ఛను గుర్తించింది. ఫేస్‌బుక్ రాతలకు అమ్మాయిల్ని అరెస్టు చేయించిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో అప్పటికి చదువుకుంటున్న శ్రేయా సింఘాల్ ఉన్నారు. 2015 మార్చి 24న కోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. హాస్టల్లో ఫోన్ ఆంక్షలను ప్రశ్నించిన ఒక విద్యార్థిని కేసులో 2019లో కేరళ హైకోర్టు, ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో భాగమంది. ఈ తీర్పులు కూడా చర్చకు పెట్టదగ్గవే.

పరికరాలు లేవని చెప్పడానికి వీల్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ప్రభుత్వమే ట్యాబులిచ్చింది. వాటిలో వీడియో పాఠాలున్నాయి, పిల్లలు విన్నారు. తిరిగి మాట్లాడే దారి ఒక్కటే పెట్టలేదు. ఇక కొరత టీచర్ సమయానిది. వారానికి రెండు పీరియడ్లు ఈ పనికి టైంటేబుల్లో రాసి ఇవ్వాలి, సోషల్ సార్లకూ మేడమ్‌లకూ రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి, మన బడుల మధ్య చర్చ తెలుగులోనే సాగనివ్వాలి. దయచేసి దీనికి మార్కులు మాత్రం పెట్టొద్దు. మార్కులు పెట్టిన మరుసటి నెలే దీనికీ గైడు వస్తుంది.

వచ్చే జూన్‌లో బడులు తెరిచేటప్పుడు రెండు విద్యాశాఖలూ కలిసి కొన్ని బడుల జతలతో దీన్ని మొదలుపెట్టాలి. మొదటి జతగా విజయపురి సౌత్, విజయపురి నార్త్ బడులు ఉండాలని మా కోరిక. మొదటి ప్రశ్న కూడా మేమే ఇస్తాం: వానలు తక్కువ పడిన ఏడాది సాగర్‌లో ఉన్న నీళ్లు ముందు దేనికి వదలాలి, తాగడానికా, పైరుకా, కరెంటుకా? రెండు ఒడ్ల పిల్లలూ రాసిన జవాబులను పేర్లు లేకుండా, అక్షరం మార్చకుండా, ఇదే పేజీలో పక్కపక్కనే అచ్చువేస్తాం.